ముప్పై ఏడో నంబరు చీటీ

2009 నవంబరు 22, ఆదివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, సాతంరాయి ప్రాథమిక పాఠశాల వరండాలో కూర్చుని, ఒక రిజిస్టరులో ముప్పై ఏడో నంబరు ఎదుట మా పక్కింటావిడ పేరు రాశాను. వయసు యాభై ఐదు. రేషను కార్డు సంఖ్య, ఇంటి నంబరు, భర్త పేరు, అన్నీ గళ్లలో సరిగ్గా పడ్డాయి. ప్రతి పేరు పక్కన వేళ కూడా వేయమని నన్ను ఎవరూ అడగలేదు. అది నా అలవాటు.

గగన్‌పహాడ్‌లో మోటారు విడిభాగాలు చేసే చిన్న కర్మాగారంలో అప్పటికి ఇరవై రెండేళ్లుగా స్టోరు నా చేతిలో ఉండేది. ఏ సామాను ఏ రోజు వచ్చింది, ఎవరికి ఇచ్చాం, ఎంత నిలవ ఉంది అన్నది రాయడమే నా ఉద్యోగం. తనిఖీకి వచ్చినవాళ్లు ముందుగా చూసేది కొట్టివేత ఉన్న పేజీనే. కొట్టివేత ఉంటే సంతకం కావాలి, సంతకం ఉంటే సంజాయిషీ కావాలి. అందువల్ల నా పేజీల్లో కొట్టివేతలు ఉండేవి కావు. ఇంట్లో రాసుకునే డైరీ కూడా అదే పద్ధతిలో సాగేది. నా రాత సంగతి తెలిసిన మా ఆరోగ్య ఉపకేంద్రం నర్సమ్మ ఆ ఆదివారం శిబిరంలో పేర్లు రాయడానికి నన్ను పిలిచింది.

శిబిరం ఆడవాళ్ల కోసం. నగరం నుంచి ఒక సేవాసంస్థ వాళ్లు వచ్చి, గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు గానీ, రేపు క్యాన్సరుగా మారే లక్షణం గానీ ఉన్నదేమో చూస్తారు. తలుచుకుంటే భయమే గానీ, చేసే పని రెండు నిమిషాలది. చిన్న పుల్లతో లోపలి తడి తీసి గాజుపలక మీద పూస్తారు. ఆ పలకను నగరంలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తారు. మా వైపు అప్పటిదాకా ఈ పరీక్ష చేయించుకున్న మనిషిని నేను ఎరగను. ఆ జబ్బు మాకు తెలియనిది కాదు. కాకపోతే మనిషి మంచం పట్టాక తెలిసేది. పరీక్ష నగరంలో ఉండేది, నగరానికి రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి వదులుకోవాలి. నొప్పి లేకుండా దవాఖానకు పోవడం మా వీధిలో ఎవరి ఊహకూ వచ్చేది కాదు. ఆ ఆదివారం పరీక్షే నడిచి మా బడికి వచ్చింది. మూడో తరగతి గదికి దుప్పట్లు అడ్డం కట్టారు. వరండాలో నా మేజా. మధ్యలో ఆడవాళ్ల వరస.

మా పక్కింటావిడను నేను అక్కా అంటాను, నన్ను ఆమె చెల్లె అంటుంది. కొడుకు విమానాశ్రయం దగ్గర కారు నడుపుతాడు. ముప్పై మూడేళ్ల కోడలు విమానాశ్రయంలోనే కాంట్రాక్టు మీద ఊడ్చి తుడిచే పని చేసేది. వాళ్లకు తొమ్మిదేళ్ల కూతురు ఒక్కతే.

చీటీ పట్టుకుని అక్క బెంచీ మీద కూర్చుంది. ఇంతలో లోపలి నుంచి ఇద్దరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వచ్చారు. వాళ్లు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. అక్క లేచి నిలబడింది. అప్పుడే ఆమె కోడలు రాత్రి డ్యూటీ దిగి, నీలం రంగు యూనిఫాం కోటుతోనే, ఇంటి తాళంచెవి కోసం వచ్చింది.

"మంచిగొచ్చినవ్. నువ్వు పో లోపలికి."

"నేనెందుకు అత్తమ్మా? నాకేమైంది?"

"నాకు మాత్రం ఏమైందే? ఊకెనే చూస్తరంట. చీటి రాసుడయింది, ఖరాబు చేసుడెందుకు?"

"భయమైతుందా?"

"భయమేంది! మోకాళ్లు నొస్తున్నయ్, గా బల్ల మీదికి ఎక్కస్తలేదు. పో జర."

కోడలు నవ్వి, చెప్పులు విడిచి, అత్త చేతిలోని చీటీ తీసుకుని దుప్పటి వెనక్కి వెళ్లింది. అక్క నా మేజా దగ్గరికి వచ్చింది.

"చెల్లె, ఒక్క కార్డే కదా. కొట్టేసుడు గిట్ల ఏమన్న ఉంటదా?"

నేను పేజీ వైపు చూశాను. అప్పటిదాకా ఒక్క దిద్దుబాటు లేదు. ముప్పై ఎనిమిదో ఆవిడ తన ఇంటి నంబరు చెబుతోంది.

"ఉండనియ్ అక్కా," అన్నాను.

మేమిద్దరమూ తెలివితక్కువవాళ్లం కాదు. ఆ మాట వెనక మా వీధి అలవాటు ఒకటి ఉంది. రేషను దుకాణంలో కార్డు అక్క పేరు మీద ఉండేది. బియ్యానికి కొడుకు పోయేవాడు, కిరోసిన్‌కు కోడలు, ఎవరికీ తీరిక లేకపోతే చక్కెరకు నేను. డీలరు "కార్డేది?" అని అడిగేవాడు గానీ "నువ్వెవరు?" అని ఏనాడూ అడగలేదు. ఇంటికి ఒక పేరు, ఆ పేరు మీద ఎవరు పోయినా ఇంటికి చేరాల్సింది చేరుతుంది. పరీక్ష చీటీనీ మేము అలాగే చూశాం. సాయంత్రం నాలుగింటికి అరవై ఒక్క పేర్లతో రిజిస్టరు అప్పగించాను. దిద్దుబాట్లు సున్నా. ఆ రోజు డైరీలో ఆ సున్నాను సంతోషంగానే రాసుకున్నాను.

తరువాత ఆరు వారాలు నాకు ఏమీ తెలియదు. 2010 జనవరి 3, ఆదివారం, ఉదయం పదకొండింటికి అక్క పేడాల డబ్బాతో మా ఇంటికి వచ్చింది.

"నోరు తీపి చేసుకో చెల్లె."

"ఏంది అక్కా, విశేషం?"

"బతికిన! చెప్తే నవ్వుతవ్."

డిసెంబరు 14న నర్సమ్మ ఒక కాగితం ఇచ్చి, గాజుపలకలో తేడా కనబడింది, నగరంలో పెద్ద దవాఖానకు పోవాలని చెప్పిందట. లోపలి రోగం కాబట్టి అక్క కొడుకుకు తప్ప ఎవరికీ, కోడలికి కూడా, చెప్పుకోలేదు. ఒక ఇంటి గోడ దూరంలో ఉన్న నాకూ చెప్పలేదు. తెలంగాణ కోసం ఆ నెలంతా బంద్‌లు. బస్సులు తిరిగిన రోజు చూసుకుని కొడుకు తీసుకుపోయాడట. అక్కడ మళ్లీ పరీక్షించి, చిన్న ముక్క తీసి, 30వ తేదీన ఏమీ లేదని చెప్పారట.

"డాక్టరమ్మ గూడ పరేషాన్ అయింది. మొదటి గాజు తెప్పించుండ్రి, మళ్ల చూస్తనన్నది. ఇగ ఎందుకమ్మా, నాకేం లేదని మీరే అన్నరు కదా అని లేచి వచ్చిన."

పేడా నా చేతిలోనే ఉండిపోయింది.

"అక్కా, ఆ రోజు లోపలికి పోయింది నువ్వు కాదు."

"ఊఁ?"

"చీటి మీద పేరు నీది. గాజు మీద పూసింది కోడలిది."

"నన్నే పిలిచిండ్రు కదా చెల్లె," అన్నది అక్క చిన్నగా. "కాగితం నా చేతికే ఇచ్చిండ్రు. నా పేరు పెట్టి చెప్పిండ్రు." పదహారు రోజుల పాటు ఆ పేరు ఆమెను ఎంత భయపెట్టిందంటే, ఆ బల్ల ఎక్కింది తాను కాదన్న సంగతి ఆ భయం కింద పడి కనబడకుండా పోయింది. అప్పుడు గుర్తొచ్చింది. డబ్బా మూత పెట్టింది.

"మరి నువ్వెందుకు గట్ల ఉండనిచ్చినవ్?"

సమాధానం నా దగ్గర ఉంది: పేజీ పాడవుతుందని. చెప్పాను. అక్క డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లి కొడుకుకు చెప్పింది. అతను వచ్చి మా వాకిట్లో నిలబడి, "సదువుకున్నోళ్ల రాత గిట్లనే ఉంటదా చిన్నమ్మా? మేము గీతలు గీసుకుంటనే బతుకుతున్నం, మాకు గింత తప్పు రాలే," అన్నాడు. అతని మాటలో నేను కాదనగలిగింది లేదు.

నవంబరు 22 నుంచి జనవరి 3 వరకు నలభై రెండు రోజులు.

కోడలు పగటి డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి రెండున్నర. ముగ్గురం కూర్చుని చెప్పాం. ఆమె కోటు గుండీలు విప్పుతూ వింది.

"నాకేం లేదు చిన్నమ్మా. నొప్పి లేదు, ఏం లేదు. అత్తమ్మకు లేదన్నరు, అయిపాయె."

"లేకుంటే మంచిదే బిడ్డా. చూపించుకోని వద్దాం."

"వరసగ నాలుగు రోజులు రాకపోతే ఏర్‌పోర్ట్ పాస్ గుంజుకుంటరు. మళ్ల ఎవ్వడిస్తడు?"

అప్పుడు అక్క కోప్పడింది. "పదకొండేండ్ల సంది నా పేరు మీద బియ్యం తింటున్నవ్. ఇగ రోగం గూడ నా పేరు మీదనే దాచుకుంటవా? నాది నాకే సాలు. లెవ్వు!"

కోడలికి నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. సరేనంది.

మరునాడు కర్మాగారానికి సెలవు పెట్టి నర్సమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె నన్ను మందలిస్తుందనుకున్నాను. ఆమె నా ముఖం చూసి, ముందు మంచినీళ్లు ఇచ్చి, సేవాసంస్థకు ఫోను చేసింది. మధ్యాహ్నానికి ఇద్దరం వాళ్ల కార్యాలయంలో ఉన్నాం. రిజిస్టరు తీశారు. ముప్పై ఏడో వరసలో పేరు మీద ఒక గీత గీశాను, వయసు మీద ఒక గీత గీశాను; పైన కోడలి పేరు, ముప్పై మూడు అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. సంజాయిషీ గడి లేకపోతే అంచున రాశాను. వాళ్లు ఆ గాజుపలకను అదే రోజు దవాఖానకు పంపారు.

జనవరి 6, బుధవారం. ఆరాంఘర్ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకొకటి. ఏడుంపావుకు దవాఖాన వరసలో నిలబడ్డాం. మా ముందు శంషాబాద్ నుంచే వచ్చిన ఒక ముస్లిం పెద్దావిడ చెల్లెలి వైద్యం కోసం ఏడాదిగా తిరుగుతోంది. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో, ఏ గది ముందు కూర్చుంటే పిలుపు వినబడుతుందో అంతా ఆమెకు తెలుసు. కోడలు గోడకు ఆనుకోవడం చూసి, "ఇట్ల కూసో బేటీ. నీ నంబర్ వస్తే నేను బులాయిస్త. భయం కాయ్‌కు? ముందే వచ్చినవ్. మా చెల్లె ఆలస్యంగ వచ్చింది," అంది. ఆ రోజంతా మేము దారి తప్పకుండా నడిచింది ఆమె వేలు చూపిన వైపే.

డాక్టరుగారు కోస్తా వైపు మనిషి. పాత గాజుపలక ఫలితం, అత్తగారి కాగితం పక్కపక్కన పెట్టి చూశారు.

"ఈ పొరపాటు ఎవరు పట్టుకున్నారండీ?"

"పట్టుకున్నదీ నేనే, చేసిందీ నేనేనమ్మా."

ఆవిడ తల ఎత్తి నన్ను చూసి, రెండు కాగితాలనూ కలిపి పిన్ను పెట్టారు. కోడల్ని లోపలికి తీసుకువెళ్లారు.

జనవరి 22, శుక్రవారం, ఫలితం వచ్చింది. క్యాన్సరే. తొలిదశ. చీటీ వెనక డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు: ఎక్కడ పుట్టింది, ఎంత లోతుకు దిగింది, ఎక్కడికి ఇంకా పోలేదు. గర్భసంచి తీసేస్తే సరిపోవచ్చు, ఆ తరువాత జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి అన్నారు. నేను తప్పించుకోకుండా నలభై రెండు రోజుల సంగతి అడిగాను.

"ఆ లెక్క నేను చెప్పలేనండీ. ఈ దశలో ఇది సాధారణంగా నెమ్మదిగానే కదులుతుంది. నన్నడిగితే నేను వేరే ఆలోచిస్తాను. ఆ ఆదివారం ఈ అమ్మాయి ఆ బల్ల ఎక్కకపోయి ఉంటే నా దగ్గరికి ఎప్పుడు వచ్చేది? రక్తం కనబడ్డాక వచ్చేది. అప్పుడు నేను ఈ బొమ్మ గీసేదాన్ని కాదు."

ఆ మాటను నేను ఊరటగా తీసుకోలేదు, కృతజ్ఞతగా తీసుకున్నాను. ఈ రెంటికీ తేడా ఉంది. నా తప్పు తప్పుగానే ఉంది. కానీ ఒక అత్త బల్ల ఎక్కడానికి భయపడి కోడల్ని పంపింది కాబట్టే ఆ కోడలికి పరీక్ష జరిగింది. తన పేరుతో చీటీ రాయించుకోవాలని ఆమెకు ఆ రోజు తోచేదే కాదు.

తిరుగు బస్సు గగన్‌పహాడ్ దాటింది. కోడలు కిటికీ వైపు చూస్తూనే, "ఇంకొకరు కావాల్ననుకున్నం చిన్నమ్మా. ఉగాది పోయినంక అనుకున్నం," అంది. ఆనాటి డైరీలో డాక్టరుగారి మాటలు అన్నీ ఉన్నాయి. ఈ మాట మాత్రం లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

శస్త్రచికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద జరగాలంటే రోగి పేరు కార్డులో ఉండాలి. పెళ్లయి పదకొండేళ్లయినా కోడలి పేరు అత్తవారి కార్డులో ఎక్కలేదు. బియ్యం వస్తూనే ఉండడంతో ఎవరికీ అవసరం పడలేదు. పేరు ఎక్కాలంటే ముందు పుట్టింటి కార్డులోంచి తీసివేసినట్టు కాగితం కావాలి. ఆమె పుట్టిల్లు మంఖాల్. నేనూ అక్కా రెండుసార్లు మంఖాల్ వైపు, నాలుగుసార్లు మా మండల కార్యాలయానికి తిరిగాం. అర్జీ నేను రాశాను. గుమాస్తా కార్డు తిరగేసి, "పదకొండేండ్లకు యాదికొచ్చిందా?" అన్నాడు.

"యాది ఎప్పుడూ ఉంది సారూ. పని ఇప్పుడు పడ్డది," అంది అక్క.

విషయం విన్నాక అతను ఎగతాళి మానుకుని, కాగితాన్ని తానే పై అధికారి బల్ల మీదికి తీసుకుపోయాడు. ఫిబ్రవరి 5న పేరు ఎక్కింది. ఫిబ్రవరి 16, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నరకు కోడల్ని లోపలికి తీసుకువెళ్లారు. పన్నెండూ పదికి బయటికి తెచ్చారు. తొమ్మిదో రోజున ఇంటికి వచ్చింది. తీసిన భాగం అంచుల్లో జబ్బు లేదని తరువాత కాగితం వచ్చింది.

చూడ్డానికి వచ్చిన బంధువు ఒకావిడ మంచం పక్కనే కూర్చుని, ఇగ మనుమడు లేనట్టేనా, వంశం ఆగినట్టేనా అని నిట్టూర్చింది. కొన్నేళ్లుగా మనుమడు కావాలని వీధంతా వినేలా చెప్పిన అక్క ఆమె వైపు తిరిగింది.

"మాదేమన్న రాజుల వంశమా? మా ఆయన మేకలు కాసిండు. కొడుకు కారు నడుపుతుండు. మనుమరాలు ఏది మనసైతే గది నడుపుకుంటది. నువ్వు చాయ్ తాగు, సల్లారుతుంది."

మంచం మీద కోడలు కుట్లు నొప్పి పెడుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది.

మరుసటి ఏడాది, 2011 జనవరి 23న, అదే సంస్థ మంఖాల్‌లో శిబిరం పెట్టింది. ఈసారి కూడా నన్నే రాయమన్నారు. నేను వద్దన్నాను, నర్సమ్మ ఒప్పుకోలేదు. అక్క తనంతట తాను వచ్చి తెర దగ్గర కుర్చీ వేసుకుంది. లోపలికి పోయే ప్రతి మనిషినీ ఆపి, "చీటి నీదేనా? పేరేంది? మీ అత్తదా, నీదా?" అని అడిగింది. ఒక పడుచు పిల్ల, "ఏందమ్మా, విమానం ఎక్కెటోళ్లను గూడ గింత అడగరు," అని విసుక్కుంటే, "వాళ్లు దిగితే మళ్ల ఎక్కుతరు బిడ్డా. నీది గట్ల కాదు," అని చీటీ చదివించుకున్నాకే పోనిచ్చింది. ఆ రోజు రిజిస్టరులో డెబ్బై నాలుగు పేర్లు, ఐదు కొట్టివేతలు, ఐదు సంతకాలు.

నాలుగు గంటలకు నేను పుస్తకం మూయబోతుంటే అక్క వచ్చి నిలబడింది.

"అందరిని రాసినవ్. నీ పేరేది చెల్లె?"

ఇది నేను ఇంతవరకు చెప్పని సంగతి. మొదటి శిబిరంలో అరవై ఒక్కమందిని లోపలికి పంపి, కలం అడ్డం పెట్టుకుని నేను బయటే కూర్చున్నాను. అక్క మోకాళ్ల నొప్పి అన్నది. నేను పని ఉందన్నాను. ఇద్దరిదీ ఒకే భయం.

"నాకు డెబ్బై ఐదో నంబరు వేసుకుంటున్నా," అన్నాను.

"వేసుకో. బల్ల కాడ నేను నిలవడ్త."

నా చెయ్యి పట్టుకుని ఆమె లోపలికి వచ్చింది. రెండు నిమిషాలే పట్టింది. ఫిబ్రవరి 11న ఫలితం వచ్చింది: ఏమీ లేదు.

కోడల్ని మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి, తరువాతి రెండేళ్లు ఆరు నెలలకొకసారి దవాఖానకు తీసుకువెళ్లాం. మొత్తం పన్నెండు సార్లు. తొమ్మిది సార్లు నేను, మూడు సార్లు అక్క. పన్నెండో సారి 2014 ఫిబ్రవరి 19, బుధవారం. డాక్టరుగారు పరీక్షించి, ఇకమీదట ఏడాదికి ఒకసారి వస్తే చాలన్నారు. ఆవిడకు, నర్సమ్మకు, వరసలో దారి చూపిన శంషాబాద్ పెద్దావిడకు, మండల కార్యాలయం గుమాస్తాకు, గాజుపలక మీద తేడా పట్టిన, నేను ఎన్నడూ చూడని ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను. రెండు రోజులకు, శుక్రవారం నాడు, పోయినవీ నిలిచినవీ మొత్తం రాసుకున్నాను.

పోయినవి: నలభై రెండు రోజులు. ఒక గర్భసంచి. ఉగాది తరువాత అనుకున్న బిడ్డ. విమానాశ్రయం పాసు, దానితో పాటు ఆ ఉద్యోగం.

నిలిచినవి: కోడలు, ముప్పై ఏడేళ్లు, ఇప్పుడు సాతంరాయిలోనే ఒక హాస్టలు వంటగదిలో పని చేస్తోంది. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లకు తల్లి. కార్డులో ఆమె పేరు. గోడ అవతలి నుంచి నన్ను చెల్లె అని పిలిచే పిలుపు.